ఎర్ర మచ్చపై పసుపు వెలుగు

లేజరు అనగానే మనలో చాలామందికి సినిమాలో విలను డెన్‌లో ఇనప తలుపులు కోసే కిరణం జ్ఞాపకం వస్తుంది. కాస్త చదువుకున్నవాళ్లకయితే కంటి వైద్యం, కిరాణా షాపులో బిల్లు కొట్టేటప్పుడు గీతలు చదివే ఎర్ర వెలుతురు గుర్తుకొస్తాయి. పుట్టుకతో వచ్చిన ఎర్ర మచ్చను తగ్గించడానికి కూడా లేజరు వాడతారు, అదీ చర్మాన్ని కొయ్యకుండా, గీరకుండా వాడతారు అని నేను చెబితే మా హాస్టల్లో ముగ్గురు నమ్మలేదు. ఆ ముగ్గురిలో ఇద్దరు ఫిజిక్సు వాళ్లే! ఈ వ్యాసానికి వాళ్లే కారకులు.

బి.యస్సీ. చదివే నీకు వైద్యం సంగతెందుకని అధ్యాపకులు అడగవచ్చు. నేను రాయబోయేది మందుల సంగతి కాదు, వెలుతురు సంగతి. అది మన సిలబసులోనిదే.

ముందు ఒక చిన్న ప్రయోగం. మా లేబరేటరీలో హీలియం-నియాన్ లేజరు ఒకటి ఉంది. 632.8 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఎర్రటి కాంతినిస్తుంది. దానికి వేలి కొన అడ్డం పెడితే, వేలి లోపల దీపం పెట్టినట్టు కొనంతా ఎర్రగా వెలుగుతుంది. అదే వేలికి ఆకుపచ్చ లేజరు పాయింటరు పెట్టి చూడండి. కంట్లో మాత్రం పడనీయకండి సుమా. పచ్చ వెలుగు చాలామటుకు అక్కడికక్కడే ఇంకిపోతుంది. అంత తేడా ఎందుకు? వేలి నిండా నెత్తురుంది. నెత్తుట్లోని హీమోగ్లోబిన్ ఎర్ర కాంతిని దాదాపు వదిలేస్తుంది, పచ్చ, పసుపు కాంతుల్ని మింగేస్తుంది. మింగగా మిగిలిన రంగే మన కంటికి కనపడుతుంది గనకనే నెత్తురు ఎర్రగా ఉంది. ప్రాణవాయువుతో కూడిన హీమోగ్లోబిన్ కాంతిని ఎంత శోషిస్తుందో గ్రాఫు గీస్తే 418, 542, 577 నానోమీటర్ల దగ్గర మూడు గుట్టలు కనిపిస్తాయి. ఆ మూడో గుట్ట పసుపు రంగులో ఉంది. ఈ కథంతా దాని చుట్టూ తిరుగుతుంది.

ఇంతకీ ఎర్ర మచ్చ అంటే ఏమిటి? మనవాళ్లు అన్నింటినీ కలిపి పుట్టుమచ్చ అనేస్తారు గాని అందులో చాలా రకాలున్నాయి. పసిపిల్లల మెడ వెనక, కనురెప్పల మీద గులాబి రంగులో కనిపించేవి చాలామటుకు వాటంతటవే పోతాయి. పుట్టిన కొన్ని వారాలకు చిన్న చుక్కగా మొదలై, నెలల్లో ఉబ్బి, తర్వాత ఏళ్ల తరబడి మెల్లగా తగ్గేది ఇంకొకటి; దాన్ని హీమాంజియోమా అంటారు. గుండె జబ్బుకు వాడే ప్రొప్రనొలాల్ అనే మందుకు అది లొంగుతుందని 2008లో ఫ్రాన్సులోని బోర్డో డాక్టర్లు ప్రకటించారు. అసలు మొండిది మూడోది, పోర్టు వైన్ మచ్చ. వెయ్యి మంది శిశువుల్లో సుమారు ముగ్గురికి ఉంటుంది. పుట్టినప్పుడే ఉంటుంది, పిల్లతోబాటు పెరుగుతుంది, పోదు. చిన్నప్పుడు గులాబి రంగు, వయసు మళ్లేసరికి ముదురు ఊదా, కొందరికి గడ్డలు గడ్డలుగా మందమవుతుంది కూడా. సోవియట్ నాయకుడు గోర్బచేవ్ నుదుటి మీద ఫోటోల్లో కనబడేది ఈ జాతి మచ్చే.

పుట్టుకతో కాక నడుమ వచ్చేవి వేరే ఉన్నాయి. ముక్కు పక్కన, బుగ్గల మీద ఎర్ర దారాల్లా కనిపించే సన్నని రక్తనాళాలు. వీటి పేరు టెలాంజియెక్టేసియా. మొదటిసారి ఈ పేరు విన్నప్పుడు తెలంగాణాకు దీనికి ఏం సంబంధమా అని నేను నిజంగానే నవ్వుకున్నాను. ఏమీ లేదు. గ్రీకు భాషలో చివర, నాళం, సాగడం అనే మూడు మాటలు అతికించి చేసిన పేరది.

రెండేళ్ల క్రితం మా అక్కకు కూతురు పుట్టింది. ఎడమ చెంప మీద అరచెయ్యంత ఎర్ర మచ్చ. పురుటి మంచం దగ్గరే మాటలు మొదలయ్యాయి. గ్రహణం నాడు కత్తిపీట ముట్టుకుందిట, గోక్కుందిట, బయటకు చూసిందిట. అక్క అత్తగారు చెడ్డ మనిషేం కాదు, కాని ఆవిడ నోటివెంట కూడా "కడుపుతో ఉన్నప్పుడు కదలొద్దంటే విన్నావుటే?" అని వచ్చింది. అక్క ఏమీ అనలేదు. ఆ నెలంతా బిడ్డను ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి, మచ్చ కనబడకుండా తువ్వాలు కప్పేది.

అసలు కారణం ఏమిటన్నది 2013లో తెలిసింది. అమెరికా శాస్త్రజ్ఞులు పోర్టు వైన్ మచ్చ ఉన్నవాళ్ల చర్మంలోని డి.యన్.ఏ.ను, అదే మనిషి మామూలు కణజాలంతో పోల్చి చదివారు. జి.యన్.ఏ.క్యు. అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారింది. జి ఉండవలసిన చోట ఎ పడింది. దానివల్ల తయారయ్యే ప్రోటీనులో 183వ స్థానంలో ఆర్జినైన్ బదులు గ్లుటమైన్ చేరింది. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఈ మార్పు తల్లి అండంలో లేదు, తండ్రి బీజంలోనూ లేదు. పిండం ఏర్పడ్డ తర్వాత, కణాలు విడిపోతూ ఉన్న ఏదో ఒక దశలో, ఒక్క కణంలో జరిగింది. ఆ కణం సంతతి వెళ్లి చేరిన చోట మాత్రమే మచ్చ. వేల ఎకరాల పైరులో ఒక గింజ తేడాగా మొలిచినట్టు. వంశపారంపర్యం కాదు, తిండి వల్ల కాదు, కత్తిపీట వల్ల అసలే కాదు. ఇది నేను ఇంటికి వెళ్లినప్పుడు కాగితం మీద బొమ్మ గీసి అక్క అత్తగారికి చెప్పాను. ఆవిడ చాలాసేపు చూసి, "అయితే గ్రహణం మాటేంటి?" అంది. అంత త్వరగా పోయేవి కావు ఇవి.

లేజరు చరిత్ర రెండు ముక్కల్లో చెబుతాను, పుస్తకాల్లో ఉన్నదే గనక. 1917లో ఐన్‌స్టీన్ సిద్ధాంతం, 1960 మే 16న కాలిఫోర్నియాలో థియోడోర్ మైమన్ రూబీ లేజరు. ఆ వెంటనే, 1960ల మొదట్లోనే, సిన్సినాటి నగరంలో లియోన్ గోల్డ్‌మన్ అనే చర్మవైద్యుడు దాన్ని చర్మం మీద ప్రయోగించాడు. అయితే రూబీది 694 నానోమీటర్ల ఎరుపు. నెత్తురు దాన్ని పట్టించుకోదని పైన వేలి ప్రయోగంలో చూశాం గదా. తర్వాత ఆర్గాన్ లేజరు వచ్చింది. 488, 514 నానోమీటర్ల నీలి-పచ్చ కాంతి. దీన్ని నెత్తురు బాగా మింగుతుంది. 1970లలో పోర్టు వైన్ మచ్చలకు దీన్నే వాడారు, మచ్చ తగ్గింది కూడా. కాని చాలామందికి మచ్చ పోయిన చోట కాలిన మచ్చ మిగిలింది. పిల్లల్లో మరీ ఎక్కువ. మన పల్లెల్లో ఇప్పటికీ అక్కడక్కడ కామెర్లకని, మూర్ఛకని పిల్లలకు వాతలు పెడతారు. ఆర్గాన్ లేజరు చేసింది ఒకరకంగా ఖరీదైన వాతే అని నా అభిప్రాయం.

తప్పెక్కడుంది? రంగు సరయినదే. వ్యవధి సరయినది కాదు. ఈ ముక్క పట్టుకున్నవాళ్లు బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో పనిచేసిన రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్. 1983లో సైన్స్ పత్రికలో వాళ్లు రాసిన వ్యాసం ఈ శాస్త్రానికి పునాది.

వాళ్ల ఆలోచన మా నాన్నకు నేను కలుపుమందు పోలికతో చెప్పాను. వరిచేలో 2,4-డి చల్లుతాం. వెడల్పాకు కలుపు మాడిపోతుంది, వరి నిక్షేపంగా ఉంటుంది. మందు చేనంతటా పడింది, చచ్చింది మాత్రం కలుపే. అట్లాగే వెలుతురు చర్మమంతటా పడాలి, వేడెక్కి చెడేది మాత్రం నెత్తురున్న నాళమే కావాలి. అందుకు రెండు షరతులు. ఒకటి, నాళంలోని హీమోగ్లోబిన్ మింగే రంగు, చుట్టుపక్కల చర్మం అంతగా మింగని రంగు కావాలి. రెండు, ఆ వేడి చుట్టుపక్కలకు పాకేలోపలే వెలుగు ఆగిపోవాలి.

రెండోది కాస్త నిదానంగా చూద్దాం, ఇదే అసలు కిటుకు. చిన్న గిన్నెలో పాలు త్వరగా చల్లారతాయి, గుండిగలో పాలు ఎంతకీ చల్లారవు. రక్తనాళం కూడా అంతే. వేడెక్కిన నాళం చల్లారడానికి పట్టే కాలం దాని వ్యాసం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వ్యాసం రెట్టింపయితే కాలం నాలుగింతలు. చర్మం ఉష్ణ వ్యాపన గుణకం సెకనుకు సుమారు 0.13 చదరపు మిల్లీమీటర్లు. దాన్ని 16తో గుణించి, వ్యాసం వర్గాన్ని ఆ లబ్ధంతో భాగించాలి. 50 మైక్రాన్ల నాళానికి లెక్క కడితే సుమారు 1.2 మిల్లీసెకన్లు వస్తుంది. 100 మైక్రాన్ల నాళానికి దాదాపు 5 మిల్లీసెకన్లు. మామూలు కేశనాళిక వ్యాసం 10 మైక్రాన్ల లోపే; పోర్టు వైన్ మచ్చలో అవి సాగి అంతకు ఎన్నో రెట్లవుతాయి. అంటే వెలుగు ఒక మిల్లీసెకను అటూ ఇటూగా వెలిగి ఆరిపోతే, వేడంతా నాళంలోనే చిక్కుకుంటుంది. నెత్తురు గడ్డకట్టి, నాళం గోడ చెడుతుంది. పక్కనున్న చర్మానికి సంగతి తెలిసేలోపలే పని అయిపోతుంది. ఆర్గాన్ లేజరు దీనికి ఎన్నో రెట్లు ఎక్కువసేపు వెలిగేది.

అట్లా పుట్టింది పల్స్‌డ్ డై లేజరు. ఇందులో కాంతినిచ్చేది రాయి కాదు, వాయువు కాదు, ఒక ద్రవంలో కరిగించిన రోడమిన్ జాతి రంగు. తమిళనాడులో 2024 ఫిబ్రవరిలో పీచుమిఠాయిని నిషేధించారే, అందులో కలిపిన రోడమిన్-బి ఈ కుటుంబానిదే. తింటే చెరుపు, లేజరులో పోస్తే వైద్యం! ఒక బలమైన ఫ్లాష్ దీపం వెలిగితే ఆ ద్రవం పసుపు కాంతిని ఒక్క విసురులో కక్కుతుంది. తొలి యంత్రాల్లో ఆ విసురు 0.45 మిల్లీసెకన్లు. 1986లో అమెరికా ప్రభుత్వం దీనికి అనుమతినిచ్చింది.

సరదాకు ఒక లెక్క వేశాను. 7 మిల్లీమీటర్ల వ్యాసం గల చుక్క, చదరపు సెంటీమీటరుకు 6 జౌళ్లు అనుకుందాం. మొత్తం సుమారు 2.3 జౌళ్లు. దాంతో ఒక గ్రాము నీళ్లు అర డిగ్రీ కన్నా కాస్త ఎక్కువ వేడెక్కుతాయి, అంతే. కాని అది 0.45 మిల్లీసెకన్లలో పడుతోంది గనక ఆ క్షణంలో సామర్థ్యం 5 కిలోవాట్లు దాటుతుంది. మా బోరు మీద ఉన్న 5 హార్సుపవర్ల మోటారు 3.7 కిలోవాట్లే.

ఇంకొక తమాషా. నెత్తురు బాగా మింగేది 577 దగ్గర అన్నాం. మరి ఇప్పటి యంత్రాలు 585, 595 నానోమీటర్లు ఎందుకు వాడుతున్నాయి? గుట్ట దిగి పక్కకు ఎందుకు జరిగారు? నాకు ఇది చాలా రోజులు అంతుబట్టలేదు. కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు చెబితే ఒక్క క్షణంలో అర్థమవుతుంది. తలకట్టు రైతులు దొరికినకాడికి నీళ్లు తోడేస్తే శివారు ఆయకట్టుకు చుక్క చేరదు. 577 దగ్గర పైపైనున్న నాళాలే వెలుగంతా తాగేస్తాయి, లోతులో ఉన్నవాటికి అందదు. కొంచెం పక్కకు జరిగితే పైనాళాలు కాస్త తక్కువ తాగుతాయి, మిగిలింది దాదాపు మిల్లీమీటరు లోతుదాకా దిగుతుంది. శోషణ గొప్పగా ఉండడమే కాదు, అవసరమైనంతే ఉండడం కావాలన్నమాట.

ఇంతవరకు అంతా బాగానే ఉంది. కాని ఈ పరిశోధనల్లో ఎక్కువ భాగం తెల్లవాళ్ల చర్మం మీద జరిగింది. మన చర్మంలో మెలనిన్ ఎక్కువ. అది పైపొరలో, నెత్తురు కన్నా ముందే ఎదురవుతుంది, పసుపు కాంతిని తానూ మింగుతుంది. 2,4-డి చల్లేటప్పుడు గాలి లేస్తే పక్క పత్తిచేలో ఆకులు ముడుచుకుపోతాయి చూశారూ, సరిగ్గా అట్లా. పైపొర కంది, తర్వాత నల్లగానో తెల్లగానో మచ్చ పడవచ్చు. చాలామటుకు నెలల్లో సర్దుకుంటుందిగాని, అందరికీ సర్దుకుంటుందని లేదు.

దీనికి 1990లలో ఒక చక్కని ఉపాయం దొరికింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్వైన్ శాఖలో స్టువర్ట్ నెల్సన్ బృందం, లేజరు పేలడానికి కొన్ని పదుల మిల్లీసెకన్ల ముందు చర్మం మీద అతిశీతల ద్రవం చిమ్మే పద్ధతి తెచ్చింది. ఆ ద్రవం టెట్రాఫ్లోరోఈథేన్, మైనస్ 26 డిగ్రీల దగ్గర మరుగుతుంది. కారు ఏసీల్లో చాలాకాలంగా వాడిన వాయువే. అంత కొద్ది వ్యవధిలో పైపొర మాత్రమే చల్లబడుతుంది, లోపలి నాళం వెచ్చగానే ఉంటుంది. అందువల్ల పైపొర కాలకుండా నాళానికి తగినంత వేడి ఇవ్వవచ్చు. మన రంగువాళ్లకు డాక్టర్లు ఇంకా శక్తి తగ్గిస్తారు, వ్యవధి పెంచుతారు, మొదట ఒక చిన్న జాగాలో కొట్టి కొన్ని వారాలు ఆగి చూస్తారు. 1064 నానోమీటర్ల ఎన్‌డి-యాగ్ లేజరును మెలనిన్ తక్కువ మింగుతుంది, లోతుకూ పోతుంది. కాని దాన్ని నెత్తురు కూడా తక్కువే మింగుతుంది గనక శక్తి బాగా పెంచాలి, చెయ్యి తిరిగినవాళ్లు కాకపోతే గాటు పడే ప్రమాదముంది.

మా అక్క కూతురి సంగతికి వస్తాను. మచ్చ నుదుటి మీద, పై కనురెప్ప మీద ఉన్న పిల్లలకు కొందరికి కంట్లో నీటి ఒత్తిడి పెరగడం, ఫిట్సు రావడం ఉండవచ్చు. దాన్ని స్టర్జ్-వెబర్ జబ్బంటారు. అటువంటి మచ్చ ఉంటే అందం మాట తర్వాత, ముందు కంటి డాక్టరుకు చూపించాలి. మా పాపది చెంప మీద గనక ఆ భయం తక్కువన్నారు, అయినా కన్ను చూపించాం. ఆపైన బావ ఒక పట్నంలో బోర్డు చూసి ఒక క్లినిక్కుకు తీసుకెళ్లాడు. "ఒక్క సిట్టింగు, పూర్తిగా మాయం, గ్యారంటీ" అన్నారు. వాళ్ల దగ్గరున్నది లేజరు కానే కాదు. ఐ.పి.యల్. అనే రకరకాల రంగుల వెలుగునిచ్చే ఫ్లాష్ దీపం. అది చెడ్డ యంత్రమని కాదు, దానికీ ఉపయోగాలున్నాయి. కాని లేజరు కానిదాన్ని లేజరని చెప్పి, అయిదు నెలల పిల్లకు గ్యారంటీలివ్వడం నాకు ఒళ్లు మండించింది. యంత్రం పేరేమిటి, తరంగదైర్ఘ్యమెంత అని ఫోనులో బావ చేత అడిగిస్తే కౌంటరు దగ్గరి మనిషి విసుక్కుందిట. డబ్బు కట్టకుండానే వచ్చేశారు.

చివరకు హైదరాబాదులో ఒక పెద్ద ఆస్పత్రిలో చర్మవైద్యురాలు చూశారు. ఆవిడ గ్యారంటీ ఇవ్వలేదు. చాలామందికి లేతబడుతుంది, పూర్తిగా పోయేది తక్కువమందికే, నాలుగైదు సిట్టింగులయినా కావాలి, నాలుగు నుంచి ఎనిమిది వారాల ఎడం ఉండాలి, కొన్నేళ్లకు మళ్లీ కాస్త రంగెక్కవచ్చు అన్నారు. చెంప నడిమి భాగం, పెదవి దగ్గర కాస్త మొండికేస్తుందట. పసితనంలో చర్మం పలచగా, నాళాలు సన్నగా ఉంటాయి గనక ఆలస్యం చెయ్యకపోవడం మేలన్నారు. కళ్లకు మూతలు పెట్టి, మత్తు క్రీము రాసి కొట్టారు. రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టుంటుందని పెద్దవాళ్లు చెబుతారు. పాప ఏడ్చింది మరి. మర్నాటికి చెంపంతా నేరేడు పళ్లు చిదిమినట్టు ఊదా చుక్కలు. ఊళ్లో చూసినవాళ్లు బిడ్డను పాడుచేశారన్నారు. అవి నాళంలో గడ్డకట్టిన నెత్తురు తాలూకు గుర్తులు, వారం రెండు వారాల్లో పోతాయి, పోయాయి. ఒక్కో సిట్టింగుకు మా రెండెకరాల కలుపు కూలంత ఖర్చయింది. నాలుగయ్యాక ఎండుమిరప రంగు మచ్చ ఇప్పుడు కందిన చెంప రంగుకు వచ్చింది. అంచుల్లో పోయింది, నడుమ ఉంది. అక్క తువ్వాలు కప్పడం మాత్రం రెండో సిట్టింగుకే మానేసింది.

మన కాలేజీ వాళ్లకు దగ్గరి సంగతి ఒకటి మిగిలింది. ముఖం మీద ఎర్ర దారాల్లాంటి నాళాలు ఎండవల్ల, వయసువల్ల, రొసేషియా అనే జబ్బువల్ల వస్తాయి. మన దేశంలో ఇరవై ఏళ్లవాళ్లకు రావడానికి ఇంకొక ముఖ్య కారణం, తెల్లబడతామని రాసుకునే స్టెరాయిడు క్రీములు. బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్ అని ట్యూబు వెనక సన్న అక్షరాల్లో ఉంటుంది. ఎగ్జిమా వంటి చర్మవ్యాధులకు డాక్టరు కొన్నాళ్లకు రాసిచ్చేవి అవి. మెడికల్ షాపులో అడిగితే ఇచ్చేస్తున్నారని 2018లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి క్రీములను చీటీ లేనిదే అమ్మకూడని షెడ్యూల్-హెచ్ కిందకు తెచ్చింది. ఇప్పటికీ మా హాస్టలు అద్దాల దగ్గర ఆ ట్యూబులు కనపడుతూనే ఉన్నాయి. మొదటి నెల ముఖం నిగనిగలాడుతుంది. తర్వాత చర్మం పలచబడి, మొటిమలు లేచి, లోపలి నాళాలు సాగి పైకి తేలతాయి. మానేస్తే ముఖం భగ్గుమంటుంది, ఆ మంటకు భయపడి మళ్లీ రాస్తారు. మానదలచుకుంటే చర్మవైద్యుడికి చూపించి, ఆయన చెప్పిన పద్ధతిలో మానాలి. అట్లా తేలిన నాళాలను కూడా డై లేజరు, 532 నానోమీటర్ల పచ్చ లేజరు మూసెయ్యగలవు. అయితే క్రీము ఆపనివాళ్లకు ఈ వైద్యం చెయ్యరు, ఒకవైపు మూస్తుంటే ఇంకోవైపు కొత్తవి తేలుతూనే ఉంటాయి గనక.